తిత్తెక్కి అంగారకుడి ఇంటికెళ్ళిన నాంచారి

అనగనగా ఒక ఊళ్ళో, ఏనాడూ నిప్పు ఆరని ఇల్లొకటుండేది. ఎవరిల్లో చెప్పుకో చూద్దాం. ఆఁ, అదీ! కమ్మరి కనకాచారి ఇల్లు. కొలిమి ఉన్న ఇంట్లో నిప్పుకేం తక్కువ? ఇదిగో పండూ, ముందే చెబుతున్నాను. ఊఁ కొడితేనే కథ. ఊఁ ఆగిందా, కథా అక్కడే ఆగిపోతుంది. తర్వాత నన్నని లాభం లేదు.

ఆ కనకాచారికి ఒక్కతే కూతురు. పేరు నాంచారి. పొద్దున లేచిందంటే తిత్తి ఊదడం ఆ పిల్ల పని. తిత్తంటే తెలీదూ? తోలు సంచి. నొక్కితే గొట్టంలోంచి బుస్సుమని గాలొచ్చి కొలిమిలో నిప్పు రాజుకుంటుంది. నాన్న సమ్మెట పడితే ఇది పటకారు పట్టేది. ఇనుము ఎంత ఎర్రబడితే దెబ్బ వెయ్యాలో కంటిచూపుతో చెప్పేసేది. మాట కూడా అంతే, వేడివేడిగా వేసేది. "అది నోరు కాదమ్మా, రెండో కొలిమి" అనేవాళ్ళు ఊళ్ళో. అన్నీ నా పోలికలే.

ఆ ఊళ్ళోనే వడ్రంగి శరభయ్య ఉండేవాడు. బండి చక్రాలు చెయ్యడంలో చుట్టుపక్కల ఏడూళ్ళల్లో వాడికి సాటి లేరు. చక్రం వాడు చేస్తే, దానికి ఇనప పట్టా వీళ్ళు వేసేవాళ్ళు. పట్టాని ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, గబగబా నీళ్ళు పోస్తే, అది ముడుచుకుపోయి చక్రాన్ని బిగపట్టేసుకుంటుంది. ఇంక ఊడమన్నా ఊడదు. అలా పట్టాలు తొడిగీ తొడిగీ, నాంచారీ శరభయ్యల మనసులూ అలాగే బిగుసుకుపోయాయి. ఇంకేముంది, పెళ్ళనుకున్నారు.

పెళ్ళనుకున్నాక జాతకాలు చూపించాలిగా. సిద్ధాంతిగారి దగ్గరికి పట్టుకెళ్ళారు. ఆయన పాపం మంచివాడే. కాకపోతే పంచాంగంలోంచి తలెత్తి ఆకాశం కేసి చూడ్డం కాస్త తక్కువ. వేళ్ళు మడిచాడు, వేళ్ళు విప్పాడు, ముక్కుమీద అద్దాలు సర్దుకున్నాడు.

"పిల్ల మంగళవారం పుట్టింది. పైగా అంగారకుడు ఎనిమిదో ఇంట్లో కూచున్నాడు. కుజదోషం" అన్నాడు.

ఏంటే, లేచి కూచున్నావు? ఔను, నువ్వూ మంగళవారమే పుట్టావు. అందుకేగా ఇవాళ ఈ కథ ఎత్తుకున్నాను. "మంగళవారం పుట్టిందా, అందుకే ఇంత పెంకిది" అని పక్కింటావిడ అంటే, పొద్దుట్నుంచీ మూతి ముడుచుకుని తిరుగుతున్నావుగా. నేను చూళ్ళేదనుకున్నావా? పడుకో, పడుకో. దుప్పటి కప్పుకుని విను.

అప్పుడు నాంచారి సిద్ధాంతిగారినే నిలదీసింది. "తాతగారూ, ఆ అంగారకుడికి నా పెళ్ళితో ఏం పని?" అంది.

ఆయన మూడు వేళ్ళు చూపించాడు. "ఒకటీ, వాడి ఒళ్ళంతా ఎరుపే. అంత ఎరుపంటే అంత కోపం. రెండూ, వాడు నిప్పుకణిక. చేరిన కాపురాన్ని కాలుస్తాడు. మూడూ, వాడి నడక తిన్ననిది కాదు. ఈ నెలే చూడు, ముందుకు పోయేవాడల్లా ఆగి వెనక్కి నడుస్తున్నాడు. అలాంటివాడితో మనకెందుకమ్మా?" అన్నాడు.

ఆ తర్వాత నాంచారి నీళ్ళకి బావికెళ్ళింది. అక్కడ శరభయ్య తల్లి వెంగమ్మ ఉంది. చేద పక్కన పెట్టి నాంచారి చెయ్యి పట్టుకుంది.

"నీ మీద నాకేం కోపం లేదే. ఈ దోషం నాకూ ఉందన్నారు. మావాళ్ళు వినకుండా పెళ్ళి చేశారు. శరభయ్య ఇంకా పొత్తిళ్ళలో ఉన్నాడు, మీ మామ జొరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. నావల్లే పోయాడే తల్లీ. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట మింగలేను, కక్కలేను. ఉన్న ఒక్క కొడుకునీ పోగొట్టుకోమంటావా?" అని భోరున ఏడ్చింది.

వచ్చే శుక్రవారం పక్కూరి పిల్లతో తాంబూలాలు పుచ్చుకుంటామని కూడా చెప్పింది. నాంచారి నీళ్ళు తోడుకోవడం కూడా మర్చిపోయింది. ఖాళీ బిందెతో ఇంటికొచ్చి కొలిమి ముందు కూలబడింది.

మూడు గడియలు కూచుంది. ఏడవాలనుకుంది గానీ ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "అసలువాణ్ణి అడక్కుండా వాడి గురించి ఊరంతా చెబుతోందేంటి? నేనే వెళ్ళి వాణ్ణే అడుగుతాను" అని లేచింది.

మర్నాడు శనివారం. తెల్లవారకుండానే మూడు వస్తువులు సర్దుకుంది. మొదటిది కొలిమి తిత్తి. రెండోది పటకారు. మూడోది మూతికి గుడ్డ కట్టిన కుండెడు నీళ్ళు. నిప్పుకణిక దగ్గరికి వెళ్తోందిగా మరి! పట్టుకోవాలంటే పటకారు కావాలి, చల్లార్చాలంటే నీళ్ళు కావాలి. కమ్మరి బుర్ర అలాగే ఆలోచిస్తుంది.

"ఎక్కడికే?" అన్నాడు కనకాచారి.

"అంగారకుడి దగ్గరికి నాన్నా."

"చద్దన్నం తిని వెళ్ళు" అన్నాడాయన. కూతురి సంగతి తెలిసినవాడు కదా, వద్దంటే ఆగేది కాదు. తిన్నాక తన గొంగళి తీసి దాని భుజాన కప్పాడు.

"నిప్పు దగ్గరికి గొంగళెందుకు నాన్నా?" అంది.

"నాన్న మాట ఒక్కటి వింటే అరిగిపోతావా?" అన్నాడు.

అప్పుడు నాంచారి తిత్తిని నిండా ఊది, దాని మీద గుర్రమెక్కినట్టు ఎక్కి, గొట్టం నేలకేసి పెట్టి ఒక్క నొక్కు నొక్కింది. బుస్స్‌స్! గాలి కిందికి, పిల్ల పైకి! ఎలా అంటావేంటే, మొన్న నీ పుట్టినరోజుకి బుడగ మూతి వదిలేస్తే జుయ్యిమని గదంతా తిరగలా? అలాగే. ఇళ్ళు అగ్గిపెట్టెలంతయ్యాయి, చెరువు చెంచాడయ్యింది, ఊరు కనబడకుండా పోయింది. ఆ తర్వాత చందమామని దాటింది. ఆ తర్వాత ఇంక చీకటే చీకటి, మధ్యలో ఒక్క ఎర్ర చుక్క. అది రోజురోజుకీ పెద్దదవుతోంది. కొలిమిలోంచి తీసిన గుండులా ఉంది. నాంచారి పటకారు గట్టిగా పట్టుకుంది.

మూడు పగళ్ళు, మూడు రాత్రులు పోయాయి. మంగళవారం తెల్లారేసరికి దిగింది. వాడి వారం నాడే వాడి గుమ్మంలో!

దిగీ దిగగానే ఊపిరి తీసుకుందామనుకుంది. ఏదీ గాలి? అక్కడ గాలి ఉందంటే ఉంది, అతి పల్చన. ఆ ఉన్నది కూడా మనం పీల్చుకునేది కాదు. గబుక్కున తిత్తి గొట్టం నోట్లో పెట్టుకుని మనూరి గాలి పీల్చింది. ప్రాణం లేచొచ్చింది. "బాబోయ్, ఈ తిత్తిలో గాలే నాకు ఊపిరి, ఈ తిత్తిలో గాలే నాకు దారి. సగానికి దిగేలోపు తిరుగు ప్రయాణం కట్టాలి. లేదా, ఇక్కడే అంతే సంగతులు" అనుకుంది. గట్టిగా భయం వేసింది. అయినా వచ్చినపని వదుల్తుందా?

ఒక అడుగు వేసింది. వేసిన అడుగు పడదే! ఇంత ఎత్తు లేచి, మెల్లగా అల్లంత దూరాన దిగింది. ఏంటంటే, అంగారకుడు మన భూమిలో అడ్డంగా సగమే ఉంటాడు. అంచేత మనల్ని అంత గట్టిగా కిందికి లాగలేడు. ఇక్కడ మూడు శేర్ల బరువు అక్కడ శేరూ, పైన చారెడు. నాంచారికి సరదా పుట్టింది. కొలిమి గట్టంత బండని ఒక్క గంతులో దాటేసింది. పెళ్ళి సంగతి కూడా కాసేపు మర్చిపోయింది. నువ్వైతే అసలు ఇంటికొస్తావా?

అప్పుడు గుర్తొచ్చింది, ఇది నిప్పుకణిక కదా అని. పటకారుతో ఒక ఎర్రరాయి పట్టుకుంది. చుర్రుమనలేదు. భయంభయంగా వేలుపెట్టి చూసింది. "అమ్మో!" అని చెయ్యి లాక్కుంది. కాలి కాదే, చల్లదనానికి! మంచుగడ్డ నయం. ఎండ వెలుగు ఉంది గానీ ఎండ వేడి లేదు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. గొంగళి మెడ దాకా లాక్కుంది. నాన్నని ఎంత తలుచుకుందో!

"ఎవరది? నా భుజమ్మీద గంతులేస్తున్నదెవరు?" అని గొంతొకటి వినపడింది. కోపిష్టి గొంతు ఉరుములా ఉంటుందనుకుంది నాంచారి. ఇది జలుబు చేసినవాడి గొంతులా సన్నగా, ఎక్కడో గోడవతల నుంచి వచ్చినట్టుంది. గాలి పల్చనైతే మాటా పల్చనే.

తలెత్తి చూసింది. ఎదురుగా కొండ. కొండంటే మన కొండలా? హిమాలయాల్లో అన్నిటికన్నా పెద్ద శిఖరాన్ని తెచ్చి, దానిమీద ఇంకోటి పెట్టి, పైన సగం పెడితే అంత. ఆ కొండ కిందినుంచే మాట వస్తోంది. ఆ నేలంతా అంగారకుడే!

నాంచారి నడుమున చెయ్యి పెట్టుకుంది. "నేను కనకాచారి కూతుర్ని నాంచారిని. నీ కోపం వల్ల నా పెళ్ళి ఆగిపోయింది. ఎందుకయ్యా నీకంత కోపం? ఒళ్ళంతా ఎర్రబడేంత కోపం?" అని కడిగేసింది.

"కోపమా? నాకా?" అన్నాడు అంగారకుడు.

నాంచారి వంగి నేలమీది ఎర్రదుమ్ము తీసింది. బొటనవేలితో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతే, పకపకా నవ్వింది. పుట్టిన దగ్గర్నుంచీ ఎన్ని కొడవళ్ళు చూసింది, ఎన్ని నాగలి కర్రులు చూసింది! "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఇది కోపం కాదు, తుప్పు! నీ మట్టి నిండా ఇనుమే. ఆ ఇనుము తుప్పు పట్టింది. చూరుకింద వదిలేసిన కొడవలిలా ఉన్నావు కదయ్యా!" అంది.

"తుప్పే తల్లీ. ఎన్ని యుగాలయిందో. చూడ్డానికొచ్చినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు. అందరూ దూరం నుంచి చూసి కోపమనుకున్నారు" అని పాపం ఒక్క నిట్టూర్పు విడిచాడు.

ఆ నిట్టూర్పుకి దుమ్ము లేచింది. లేచి లేచి ఆకాశమంతా కమ్మేసింది. సూర్యుడు కనపడలేదు, కొండ కనపడలేదు. నాంచారి కొట్టుకుపోతాననుకుని నేలమీద బోర్లా పడుకుంది. దుమారం మీదికొచ్చింది. వచ్చి, విసనకర్రతో విసిరినట్టు చెంపకి తగిలి పోయింది. అంతే! గాలి పల్చన కదా, ఎంత ఎగిరిపడినా బలం లేదు. నాంచారి లేచి పావడా దులుపుకుంది. "నువ్వూ నీ ఆర్భాటమూనూ" అంది.

"ఆ కుండలో ఏముందమ్మా?" అన్నాడు అంగారకుడు.

నాంచారికి సిగ్గేసింది. "నీళ్ళు. నిన్ను చల్లార్చడానికి తెచ్చాను" అంది.

వాడు నవ్వలేదు. "నీళ్ళా? ఒకప్పుడు నా ఒంటిమీద ఏరులు పారేవి తెలుసా? అదిగో, ఆ వంకర చాళ్ళన్నీ నీళ్ళు పోయిన దారులే. నాకప్పుడు మంచి దళసరి గాలి ఉండేది, దుప్పటిలా. అది పల్చబడి పల్చబడి పోయింది. దుప్పటి పోయాక వెచ్చదనం పోయింది, నీళ్ళూ పోయాయి. మిగిలినవి నేలలోపలా, ఉత్తరాన దక్షిణాన రెండు కొసలా గడ్డకట్టి కూచున్నాయి. ఒక్క చుక్క పొయ్యి తల్లీ, చూస్తాను" అన్నాడు.

నాంచారి కుండ వంచింది. ఓ ధారగా ఉన్నవన్నీ పోసేసింది. చిత్రం చూడు, పొయ్యి లేకుండానే ఆ నీళ్ళు కుతకుతా ఉడికాయి! ఉడుకుతూ ఉడుకుతూనే గడ్డకట్టాయి! మరుక్షణం ఆవిరై పోయాయి. నేలకి తడి అంటనే లేదు. గాలి బరువు లేకపోతే నీళ్ళు నీళ్ళలా నిలవలేవుట.

"అయినా బాగుంది" అన్నాడు వాడు. నాంచారికి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. వీడా నా కాపురాన్ని కాల్చేది, వీడికే పొయ్యిలేదు, అనుకుంది.

కానీ మూడోది మిగిలిందిగా. "సరే, కోపం కాదు, నిప్పూ కాదు. మరి వెనక్కి ఎందుకు నడుస్తున్నావు? తిన్నగా నడవలేవూ?" అంది.

"నేనెప్పుడూ తిన్నగానే నడుస్తాను. సూర్యుడి చుట్టూ తిరగడంలో మీ భూమిది లోపలి బాట, నాది బయటి బాట. మీది చురుకు నడక, నాది నిదానం. మీకు రెండేళ్ళు గడిచేసరికి నాకు ఇంచుమించు ఒక్క ఏడు. రెండేళ్ళ రెండు నెలలకోసారి మీరు నా పక్కనించి నన్ను దాటుకుపోతారు. ఈ నెల అదే జరుగుతోంది. అప్పుడు నేను మీకు బాగా దగ్గరగా ఉంటాను. మీరేమో నేను వెనక్కి నడుస్తున్నానంటారు!" అన్నాడు.

నాంచారి నెత్తిన కొట్టుకుంది. "అయ్యో నా మతి మండా! ఇది తిరునాళ్ళ బండి సంగతే! మా శరభయ్య బావ ఎడ్లని అదిలించి ముందు బండిని దాటేస్తుంటే, ఆ బండి వెనక్కి పోతున్నట్టుండేది. చెట్లని చూస్తే గానీ తెలిసేది కాదు" అంది.

తిత్తి కేసి చూసుకుంది. సగానికి దగ్గరపడుతోంది. కానీ అన్నిటికన్నా పెద్ద మాట ఇంకా గొంతులోనే ఉంది. ఒక ఊపిరి పీల్చుకుని అడిగేసింది. "ఒక్కటి నిజం చెప్పు. మా వెంగమ్మత్త మొగుణ్ణి నువ్వే తీసుకుపోయావా?"

"ఎవరమ్మా వెంగమ్మ?" అన్నాడు అంగారకుడు.

"శరభయ్య తల్లి. ఇరవై రెండేళ్ళ కిందట మొగుడు జొరమొచ్చి పోయాడు. నీ దోషం తనకుండబట్టే పోయాడని ఇప్పటికీ ఏడుస్తుంది."

"రామ రామ! ఇక్కణ్ణుంచి చూస్తే మీ భూమంతా నాకొక నీలం చుక్క. అందులో మీ ఊరేది, ఆవిడ ఇల్లేది, నాకెలా తెలుస్తుంది? నేను భూదేవి కొడుకునంటారు కదా. అంటే మీకందరికీ అన్ననేగా. అక్కచెల్లెళ్ళ పసుపు కుంకాలు తుడిచే అన్న ఉంటాడా ఎక్కడైనా? ఆవిడతో చెప్పు తల్లీ, నాకు ఆవిడ పేరే తెలీదని చెప్పు" అన్నాడు. ఆ సన్నటి గొంతు ఇంకా సన్నబడిపోయింది.

అప్పుడు నాంచారి నేలమీద చెయ్యి వేసి నిమిరింది. "ఊరుకో అన్నయ్యా. ఇనుముకి తుప్పు పడితే ఏం చేస్తామో తెలుసా? నూనె రాస్తాం. నిన్నెవరూ ముట్టుకోక, నూనె రాయక ఇలా అయ్యావు. నా పెళ్ళికి నలుగు పెడతారుగా, ఆ నూనె మొదటి చుక్క నీకే. చెల్లెలి పెళ్ళికి రాకుండా ఉంటావా?" అంది.

"ఈ నెలలోపు పెట్టుకోండి. పొద్దుగూకేవేళ తూర్పున నిలబడి ఉంటాను. ఈ నెల దాటితే మళ్ళీ రెండేళ్ళ పైమాట" అన్నాడు. సంబరానికి వాడికి చెప్పాల్సినవన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. "నాకు ఇద్దరు చందమామలున్నారు తెలుసా? ఇద్దరూ బంగాళదుంపల్లా ఉంటారు. పెద్దది మహా దుడుకుది, రోజుకి మూడుసార్లు నా చుట్టూ పరిగెత్తి వస్తుంది, అదీ పడమట పొడిచి! నా రోజు కూడా మీ రోజంతే, ఇంకో ఎసరు అన్నం ఉడికేంత సేపు ఎక్కువ. సాయంత్రం దాకా ఉండకూడదూ? నా సూర్యుడు నీలంగా దిగుతాడు. పగలు ఎర్రటి ఆకాశం, అస్తమయం నీలం. మీకు తిరగేసి!"

ఉండాలనే ఉంది నాంచారికి. కానీ తిత్తి సగానికొచ్చేసింది. చారెడు ఎర్రదుమ్ము కుండలో పోసుకుంది, తిత్తెక్కింది, నొక్కింది. వాడు కిందికి లాగేది కొంచమే కదా, చిన్న నొక్కుకే రివ్వున లేచింది. పోవడానికి మూడు రోజులు పట్టింది. రావడానికి రెండున్నరే.

శుక్రవారం పొద్దున్నే శరభయ్య వాకిట్లో తాంబూలాలకి చాపలు పరుస్తున్నారు. శరభయ్య మొహం వేలాడేసుకుని అరుగు మీద కూచున్నాడు. అప్పుడే కుండ చంకన పెట్టుకుని, జుట్టంతా దుమ్ముతో నాంచారి దిగింది.

"ఆగండి! అడిగొచ్చాను!" అని అరిచింది.

ఊరంతా మూగింది. మొదట, ఎర్రదుమ్ము తీసి అందరి అరచేతుల్లో పోసింది. బావి గిలక మీద తుప్పు గీకి పక్కన పెట్టింది. రెండూ ఒకటే రంగు. "కోపం కాదర్రా, తుప్పు!" అంది. ఆ తర్వాత నాన్న గొంగళి విప్పి చూపించింది, ఇది లేకపోతే చలికి కొయ్యబారి పోయేదాన్నంది. కనకాచారి మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాత సిద్ధాంతిగారిని శరభయ్య బండెక్కించింది. ముందు కనకాచారి బండి నిదానంగా పోతుంటే, శరభయ్య బండి దాన్ని దాటింది. "ఔరా! ఆ బండి వెనక్కి పోతోందే!" అన్నాడు సిద్ధాంతిగారు. అని, నాలిక్కరుచుకున్నాడు. "ఇన్నేళ్ళూ లెక్కలు కట్టాను గానీ అమ్మాయ్, బండెక్కి చూళ్ళేదు" అన్నాడు. తప్పు ఒప్పుకున్నాడు చూశావా? పెద్దవాళ్ళకది అంత తేలికైన పని కాదు.

అందరూ నవ్వారు. వెంగమ్మ మాత్రం నవ్వలేదు. స్తంభం పక్కన నిలబడి చూస్తోంది.

అప్పుడు నాంచారి ఆవిడ దగ్గరికెళ్ళి నెమ్మదిగా, "అత్తా, నీ సంగతీ అడిగాను" అంది.

వెంగమ్మ మొహంలో నెత్తురు లేదు. "ఏమన్నాడే?"

"ఎవరమ్మా వెంగమ్మ, అన్నాడు."

"ఏంటీ?"

"నీ పేరే తెలీదత్తా వాడికి. నీ ఊరు తెలీదు, నీ ఇల్లు తెలీదు. మామకి జొరమొచ్చింది, పోయాడు. అంతే. నువ్వేం చెయ్యలేదు."

"నా పేరే తెలీదా? ఇరవై రెండేళ్ళు రోజూ తలుచుకుని తిట్టానే, నా పేరే తెలీదా వాడికి?" అంది వెంగమ్మ. ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఏడ్చీ ఏడ్చీ నాంచారిని కావిలించుకుంది. "నావల్ల కాదన్నమాట. నావల్ల కాదే!" అని పదిసార్లు అంది. ఎన్నిసార్లన్నా ఆవిడకి చాల్లేదు.

మరి తాంబూలాలు? మార్చుకోకుండా ఊరుకుంటారా? పక్కూరి పిల్లకి కబురెళ్ళింది. ఆ పిల్లకీ ఈ సంబంధం ఇష్టం లేదుట, హాయిగా ఊపిరి పీల్చుకుంది. సిద్ధాంతిగారే ముహూర్తం పెట్టాడు. మంగళవారం పెళ్ళంటే ఊరు మరీ గొడవపడుతుందని, మంగళవారం సాయంత్రం నలుగు, బుధవారం పెళ్ళి అన్నాడు. తెలివైనవాడే!

మంగళవారం పొద్దుగూకింది. నాంచారిని పీట మీద కూచోబెట్టారు. ముత్తైదువలందరూ ముందు వరసలో ఉన్నారు. వెంగమ్మ ఆనవాయితీ ప్రకారం వెనకాల, గుమ్మం చాటున నిలబడింది. మొగుడు పోయినవాళ్ళు శుభకార్యాల్లో ముందుకి రాకూడదని ఓ దిక్కుమాలిన రివాజు ఉండేది అప్పట్లో. నాంచారి పీట మీంచి లేచి నిలబడింది.

"మా అత్త చెయ్యి పడితే గానీ నేను కూచోను" అంది.

గుసగుసలు బయల్దేరాయి. నాంచారి ఊరందరి కేసీ ఒక్క చూపు చూసింది. గుసగుసలు ఆగిపోయాయి. కొలిమి నోరు కదా, అది తెరవకముందే అందరికీ వేడి తగిలింది. నూనె గిన్నె తీసుకెళ్ళి వెంగమ్మ చేతుల్లో తనే పెట్టింది.

వెంగమ్మ గిన్నెని రెండు చేతులా పట్టుకుంది. ఇరవై రెండేళ్ళయింది కదా, ఆ గిన్నె పట్టి. మెల్లగా వాకిట్లోకొచ్చింది. వేలు నూనెలో ముంచింది. నాంచారి తలకి రాయబోయి, ఆగింది. తూర్పు కేసి తిరిగింది. అక్కడ తాటిచెట్ల మీద, చెప్పిన మాట తప్పకుండా, ఎర్ర చుక్క ఒకటి వచ్చి నిలబడి ఉంది. మినుకు మినుకుమనడం లేదు, నిదానంగా వెలుగుతోంది.

వెంగమ్మ ఆ మొదటి చుక్కని తూర్పుకేసి చిలకరించింది. "ఇదిగో నాయనా, నువ్వు కూడా రాసుకో. తెలీక తిట్టాను, మనసులో పెట్టుకోకు" అంది.

ఆ తర్వాత రెండో చుక్క నాంచారి మాడున అద్దింది.

విన్నావుటే పండూ? నీకూ ఆకాశంలో ఒక అన్న ఉన్నాడు. పక్కింటావిడ మళ్ళీ ఏమైనా అందనుకో, ఏడవకు. "మా అన్నది కోపం కాదు పిన్నిగారూ, తుప్పు" అను. నాది మాత్రం కోపమేనని చెప్పు, కాదులే, రేపు నేనే వెళ్ళి చెబుతాను. సరేగానీ, రేపు పొద్దున నీ తలకి నూనె పెడతాను, ఇల్లంతా పరిగెత్తించకు. ఊఁ కొట్టవేం? ఓసి నా తల్లీ, పడుకుందే! ఉండు, దుప్పటి జారింది. దుప్పటి పోతే ఎంత చలో ఇప్పుడేగా చెప్పుకున్నాం.

నూనె చుక్క తుప్పుకి,
నీటి చుక్క దప్పికి,
ఎర్ర చుక్క మింటికి,
కునుకు చుక్క కంటికి,
కథ వెళ్ళె కంచికి,
తిత్తి దిగి నాంచారి, మనమూ మన ఇంటికి.